రేసు కారుకు సైలెన్సర్ కట్టినప్పుడు

నేను పని నేర్చుకున్నది లారీల కింద పడుకుని. రాప్తాడు దాటినాక హైవే పక్కన మాకొక రేకుల షెడ్డు ఉండేది. అందులో సగం నాది, సగం ఇంజన్ మేస్త్రిది. తుప్పుపట్టిన సైలెన్సర్లకు అతుకు వేయడం, గుంతల్లో తగిలి ఊడినవాటిని మళ్ళీ కట్టడం నా పని. ఇంజన్లు విప్పి బిగించడం ఆయన పని. కళ్ళు మసకబారి నేను వెల్డింగ్ మానేసి చాన్నాళ్ళయింది. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఎప్పుడన్నా కలిస్తే, "ఏమన్నా, నీ చేతి మీద జరిగిన గొప్ప పని ఏది?" అని అడుగుతాంటారు. నేను ముందు చెడగొట్టిన పని గురించి చెప్తాను. గొప్పదనం ఏమన్నా ఉంటే అది దాని వెనకాలే వస్తాది.

అది తొంభైల ఆఖరు. వరసగా వానలు మొహం చాటేసిన ఏళ్ళు. వేరుశెనక్కాయ వేయాల్సిన చేన్లు ఎర్రగా, గట్టిగా, బోడిగా పడుండేవి. ఆ బీళ్ళు చూసి మాకు కడుపు తరుక్కుపోయేది గానీ, బెంగళూరులో కార్ల పిచ్చి ఉన్న కొందరికి మాత్రం అవి బంగారు గనుల్లా కనపడినాయి. ఆదివారాలు వచ్చి బీడులో చిన్న చిన్న జెండాలు పాతి, వంకరటింకర దారి ఒకటి గీసి, ఒక్కో కారును విడివిడిగా వదిలి, చేతిలో గడియారం పట్టుకుని ఎవరు తొందరగా వస్తారో చూసేవాళ్ళు. వాళ్ళేం పేరుమోసిన రేసర్లు కాదు. ఒకాయన పళ్ళ డాక్టరు, ఇంకొకాయన బట్టల అంగడి ఓనరు. పాత కార్లే తెచ్చి, వెనక సీట్లు పీకేసి, తలకు హెల్మెట్ పెట్టుకుని తోలేవాళ్ళు.

ఒకరోజు పొద్దున మా షెడ్డు ముందర ఒక చిన్న తెల్ల కారు ఆగింది. అందులోంచి ముప్పై ఏళ్ళ లోపు ఆడమనిషి దిగింది. ధర్మవరంలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాదంట. బత్తలపల్లె పక్కన భూములున్న కుటుంబం. ఆ కారు ముందు వాళ్ళన్నది. ఆయన మండల రాజకీయాల్లోకి వచ్చి జీపు కొనుక్కున్నాక దీన్ని పశువుల కొట్టంలో పడేసినాడు. వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెడతా ఉంటే, ఈమె కోళ్ళను తోలి, కారు కడిగి, తోలడం నేర్చుకుని, బెంగళూరు వాళ్ళ రేసుల్లో పేరు రాయించుకుంది.

వెనకాల ఉన్న అట్టపెట్టె చూపించి అడిగింది. "అన్నా, రేసు సైలెన్సర్ కట్టేది మీకు వస్తాదా?"

నేను అంతవరకు రేసు సైలెన్సర్ అనే వస్తువును కంటితో చూడలేదు. "ఎందుకు రాదు మేడమ్" అన్నాను.

పెట్టె విప్పితే నా చేతులు ఊరుకోలేదు. నున్నటి పైపు, మామూలు దానికంటే వేలెడు లావు. చివర్లో పొట్టి డబ్బా, లోపల అడ్డగోడలు లేకుండా అవతలి వెలుతురు కనపడతాంది. మామూలు సైలెన్సర్ పొగను తిప్పి తిప్పి, మోత తగ్గించి వదుల్తాది. ఇది తిప్పదు, నేరుగా వదుల్తాది. ఇంజన్ ఊపిరి ఆడినట్టు తేలిగ్గా పరిగెత్తుతాది. పెద్ద కంపెనీలవి మా ఊహకు అందే ధరల్లో ఉండేవి కావు. ఇది బెంగళూరు అంగట్లో అందుబాటులో దొరికిన కిట్టు. పైపులు, డబ్బా మాత్రమే ఉండాయి. బిగించే వివరం రాసిన కాగితం ఒక్కటీ లేదు.

ఇంజన్ మేస్త్రి వచ్చి నిలబడినాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ముప్పై ఏళ్ళుగా ఇంజన్ల పక్కన ఉండి ఉండి చెవులు పోయినాయి. ఆయనకు వినపడదు కాబట్టి మనకూ వినపడదనుకుని గట్టిగా అరిచి మాట్లాడేవాడు. కానీ ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి, ఏ సిలిండరు సరిగ్గా కొట్టడం లేదో చెప్పేవాడు. ఒక్కసారి కూడా తప్పు పోయింది లేదు.

ఆయన పైపు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో స్ప్రింగు జాయింటు లేదప్పా!" అని అరిచినాడు.

మీకు ఇది అర్థం కావాల. ఆ చిన్న కార్లలో ఇంజన్ అడ్డంగా, రబ్బరు దిమ్మెల మీద కూర్చుని ఉంటాది. యాక్సిలరేటర్ తొక్కితే వెనక్కి ఒరుగుతాది, వదిలితే ముందుకు వస్తాది. పొగ గొట్టం ఒక కొన ఇంజన్ ముందర, ఇంకో కొన కారు వెనకాల. అందుకే కంపెనీ వాళ్ళు మధ్యలో స్ప్రింగులతో ఊగే జాయింటు ఒకటి పెడతారు. మన మోకాలు లాంటిది. కిట్టు చేసినవాడు ఆ మోకాలు ఎగ్గొట్టినాడు. పాతదాంట్లోంచి తీసి పెట్టుకుంటారులే అనుకున్నాడో ఏమో.

"పాత జాయింటు కోసి దీనికి కలుపు" అన్నాడు మేస్త్రి.

నాకది నచ్చలేదు. మెరిసే పైపు మధ్యలో తుప్పు పట్టిన పాత ముక్కా? పైగా ఆ మేడమ్ చూస్తాంది. నేరుగా అతికితే గీత గీసినట్టు ఉంటాది. "నా అతుకు ఊడింది నువ్వెప్పుడన్నా చూసినావా అన్నా?" అని ఆయన చెవి దగ్గర అరిచినాను.

"ఊడదు! అందుకే చెప్తాండా! నీ అతుకు ఊడకపోతే, దాని పక్కన ఇరుగుతాది!"

నేను నవ్వేసినాను. రెండు రోజులు పెట్టి కట్టినాను. నా సర్వీసులో అంత అందమైన అతుకు వేసింది లేదు. కారు స్టార్ట్ చేస్తే షెడ్డు రేకులన్నీ మోగినాయి. అది ఉత్త మోత కాదు, గొంతు ఉన్న మోత. ఆమె హైవే మీద ఒక చుట్టు వేసి వచ్చింది. టీ అంగడి ముందర నిలబడిన లారీ డ్రైవర్లు గ్లాసులు చేతిలో పట్టుకుని రోడ్డు మీదికి వచ్చి చూసినారు. దిగేటప్పటికి ఆమె మొహం వెలిగిపోతాంది. "అన్నా, ఇది వేరే కారు!" అంది. ఆ మాటకు నేను నేల మీద లేను.

తర్వాతి ఆదివారం బత్తలపల్లె పక్కన బీడులో రేసు. ఆమె కాలేజీ పిల్లలు బస్సెక్కి వచ్చినారు. వాళ్ళన్న కూడా జీపులో వచ్చి, నీడ చూసుకుని కుర్చీ వేసుకున్నాడు. జెండా ఊపగానే కారు ఎర్రదుమ్ము లేపుకుంటా దూకింది. మొదటి మలుపు, రెండో మలుపు. మోత వింటా ఉంటే నా ఒళ్ళు పులకరించింది. మూడో మలుపులో ఆ మోత ఉన్నట్టుండి మారింది. ఫట్‌మని పగిలి, నాటు తుపాకులు పేలినట్టు చప్పుడు. కారు అడుగునుంచి పొగ. ఆమె బండి ఆపి, తలుపు తోసుకుని బయటికి దూకింది.

మేము పరిగెత్తి పోయేసరికి ఆమె దగ్గుతాంది. పైపు ఇంజన్ దగ్గర తెగిపోయింది. నిప్పులాంటి పొగ నేరుగా అడుగు రేకుకు తగిలి, లోపలి మ్యాటు అంటుకుంది, మట్టి పోసి ఆర్పినాము. పిల్లలు బిక్కమొహం వేసుకుని నిలబడినారు. వాళ్ళన్న నింపాదిగా వచ్చి, "కాలేజీలో పాఠాలు చెప్పుకుంటే పోదా? ఇదంతా ఎందుకు మనకు?" అన్నాడు.

ఆమె ఆయన వైపు చూడలేదు. నన్ను చూసింది. "ఏమయిందన్నా?"

నేను కారు కింద దూరి చూసినాను. నా అతుకు చెక్కు చెదరలేదు. సరిగ్గా దాని పక్కన, వెంట్రుకవాసి దూరంలో, పైపు చుట్టూ తెగింది. మేస్త్రి చెప్పింది చెప్పినట్టు. నేను బయటికి వచ్చి, చేతులు తుడుచుకుని అన్నాను. "కిట్టు నకిలీది మేడమ్. రేకు మంచిది కాదు."

ఈ మాట రాస్తా ఉంటే ఇప్పటికీ చెంపలు వేడెక్కుతాయి. మేస్త్రి నా పక్కనే ఉండాడు. ఆయనకు వినపడలేదు. వినపడకపోవడం నాకు సుఖంగా ఉండింది. అది ఇంకా సిగ్గుచేటు.

రెండు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున తెగిన ముక్క గురించి అడిగినాడు. "మేడమ్ తీసుకుపోయింది. ఈ పొద్దే అనంతపురంలో బస్సెక్కి, బెంగళూరు పోయి అంగడోన్ని నిలదీస్తాదంట" అని చెప్పినాను. ఆయన చేతిలో స్పానరు కింద పెట్టినాడు.

"అంగడోడు ఏం తప్పు చేసినాడప్పా?" మొట్టమొదటిసారి ఆయన అరవకుండా మెల్లగా మాట్లాడినాడు. "నువ్వు చేసిన తప్పుకు ఆయమ్మ పోయి ఎవరితోనో కొట్లాడాల్నా?"

నేను సైకిలెక్కినాను. అనంతపురం బస్టాండు దాకా ఎట్ల తొక్కినానో నాకే తెలీదు. బెంగళూరు బస్సు ఇంజన్ ఆన్‌లో ఉండాది. ఆమె కిటికీ పక్కన కూర్చుని ఉండాది, ఒడిలో గోనెసంచి. నేను బస్సెక్కి, ఊపిరి అందక, సీటు కమ్మీ పట్టుకుని నిలబడినాను.

"మేడమ్, పోవద్దు. కిట్టు మంచిదే. తప్పు నాది. మేస్త్రి ముందే చెప్పినాడు, నేను ఇనలేదు. మీ ముందర గొప్పగా కనపడాలని నేరుగా అతికినాను. ఆ రోజు అబద్ధం చెప్పినాను."

బస్సులో అందరూ నన్నే చూస్తాండారు. కండక్టరు, "ఏమప్పా, టికెట్టా, దిగుతావా?" అన్నాడు. లోపలికి పోయిన పొగ మూలంగా ఆమె గొంతు ఇంకా బొంగురుగానే ఉండింది. సంచి తీసి నా చేతిలో పెట్టింది.

"నేను బోర్డు మీద లెక్క తప్పు చేస్తే, పిల్లల ముందరే తుడిచి మొదట్నుంచి చేస్తాను. మీరూ చేయండి. నెలలో కుందుర్పి పక్కన పెద్ద పోటీ ఉండాది" అని బస్సు దిగింది.

ఆ నెలలో నేను నేర్చుకున్న పని, అంతకుముందు పదేళ్ళలో నేర్చుకోలేదు. మొదటి రోజు మేస్త్రి నా చెయ్యి పట్టుకుని ఇంజన్ మీద పెట్టినాడు. మేడమ్‌ను యాక్సిలరేటర్ తొక్కి వదలమన్నాడు. నా అరచేతి కింద ఇంజన్ మొత్తం వెనక్కి వాలి ముందుకు వచ్చింది. "చూడు! ఇంత ఊగేదాన్ని నువ్వు కట్టేసినావు!" అని అరిచినాడు. ఇన్నేళ్ళూ నేను ఇంజన్లను కింద నుంచి చూసినాను గానీ, ఒక్కసారి కూడా ముట్టుకుని చూడలేదు.

పాత పైపులోంచి స్ప్రింగు జాయింటు కోసి, తుప్పు గీకి, కొత్త పైపుకు కలిపినాము. పైపును వేలాడదీసే చోట బస్సులకు వాడే మందం రబ్బర్లు వేసినాము. పైపు ఇప్పుడు ఉయ్యాల మాదిరి ఊగుతాది, యాడా తగలదు. పొగ తేలిగ్గా పోతాంది కాబట్టి పెట్రోలు కొంచెం ఎక్కువ అందాలని మేస్త్రి కార్బురేటర్‌లో రంధ్రం ఒక సైజు పెంచినాడు. మేడమ్ కాలేజీ అయినాక వచ్చి, చీర కొంగు దోపుకుని, కారు కింద మాతో పాటు పడుకుని చూసేది. మధ్యలో ఆ తుప్పు జాయింటు ఉన్న పైపు చూడ్డానికి అసహ్యంగానే ఉండాది. ఎవరూ ఆ మాట అనలేదు.

కుందుర్పి పోటీకి మామూలు రేసులకంటే పట్టింపు ఎక్కువ. మొదటి ముగ్గురికి తమిళనాడులో తారు వేసిన నిజమైన ట్రాకు మీద తోలే అవకాశం. ఒక్కొక్కరికి రెండు పరుగులు, అందులో మంచిదే లెక్క. నలభై దాకా కార్లు వచ్చినాయి. చుట్టూ కొండలు, మధ్యలో కిలోమీటరు పొడుగు ఎర్రటి బీడు. ఆ పొద్దు జనం చూస్తే ఊళ్ళన్నీ ఖాళీ అయినట్టుంది. వాళ్ళన్నను ఈసారి ముఖ్య అతిథిగా పిలిచినారు. తెల్లచొక్కా ఇస్త్రీ నలగకుండా పందిట్లో కూర్చున్నాడు.

మొదటి పరుగు. నేను మేస్త్రి పక్కన నిలబడినాను. కారు వదిలినప్పటినుంచి ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. ఆయనకు మోత వినపడదు గదా, నన్ను చూసి తెలుసుకుంటాండాడు. మొదటి మలుపు, రెండో మలుపు. మూడో మలుపు దాటేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. మోత మారలేదు! కారు చివరి గట్టు ఎక్కి, గాల్లోకి లేచి, దబ్బుమని పడి, గీత దాటింది. జనం ఈలలు. నాలుగో స్థానం! మూడో ఆయనకూ ఈమెకూ మధ్య ఒక్క సెకను.

మేము ఎగురుకుంటా పోతే, కారు వెనకాల సైలెన్సర్ డబ్బా నేలకు రాసుకుంటా వేలాడుతాంది. మా జాయింటు బాగానే ఉండాది, పైపు బాగానే ఉండాది. కానీ గట్టు మీదనుంచి పడినప్పుడు డబ్బాను పట్టుకునే కొక్కెం తెగిపోయింది. కిట్టుతో వచ్చిన పల్చటి కొక్కెం అది. దాన్ని మార్చాలని నాకు తట్టలేదు.

అట్ట, పెన్ను పట్టుకుని ఒక పెద్దాయన వచ్చినాడు. బెంగళూరు ఆయన, కార్లను పరీక్ష చేసి వదిలేవాడు. "ఇది ఇట్లా ఉంటే రెండో పరుగుకు వదిలేది ఆగల్ల. కుదరదు" అన్నాడు.

"కమ్మితో కడతాం సార్."

"కమ్మి వేడికి తెగుతాది. దారిలో పడిపోతే వెనక వచ్చేవాళ్ళకు ప్రమాదం. అతుకు వేయండి, లేదంటే పేరు తీసేస్తాను. మీ వంతుకు ముందు ఇంకా ఇరవై కార్లుండాయి."

ఈలోగా వాళ్ళన్న పందిట్లోంచి వచ్చినాడు. "ఏమప్పా, నేను చెప్తాండా, వదిలేయండి. మా చెల్లెలే" అన్నాడు ఆయనతో.

ఆమె హెల్మెట్ తీసి వాళ్ళన్న ముందరికి వచ్చింది. "నువ్వు చెప్తే వదిలేది నాకొద్దన్నా."

ఆయన మొహం చిన్నబోయింది. నాకు మాత్రం ఆ బీడులో నిలబడి వెల్డింగ్ మిషను యాడ దొరుకుతాదా అనే ఆలోచన తప్ప ఇంకోటి లేదు. కుందుర్పి పోయి రావాలంటే ముప్పావుగంట. అప్పుడు చూసినాను. బీడు అవతల, దూరంగా, ఒక చేన్లో తెల్లటి దుమ్ము ఆకాశంలోకి లేస్తాంది. బోరు వేస్తాండారు! బోరు లారీ మీద, గుంతలో దింపే కేసింగు పైపులు అతికేదానికి వెల్డింగ్ మిషను ఉంటాది!

నేను, మేస్త్రి రెండు బోల్టులు విప్పి డబ్బా దింపినాము. కణకణలాడతాంది. తడిపిన గోనెసంచుల్లో చుట్టినాము, బుస్సుమని ఆవిరి లేచింది. "యాడికి పోవాల?" అన్నాడు వాళ్ళన్న. నేను చెయ్యి చూపించినాను. ఆయన జీపెక్కి స్టార్ట్ చేసినాడు. దున్నిన చాళ్ళలో జీపు ఎగిరెగిరి పడతాంటే, నేను వెనక ఆ డబ్బాను రెండు కాళ్ళ మధ్య పట్టుకుని కూర్చున్నాను.

బోరు దగ్గర మాట వినపడే పరిస్థితి లేదు. దుమ్ము తప్ప ఇంకేం లేదు. తమిళ ఫోర్‌మన్ ఒకడు మొహానికి గుడ్డ కట్టుకుని ఉండాడు. చేతులు ఊపి చెప్తే అర్థం చేసుకుని, "వెల్డింగ్ కావాలంటే బోరు నిలపాల. నిలపాలంటే రైతు చెప్పాల" అన్నాడు.

రైతు ముసలాయన. కొంచెం దూరంలో రాతి మీద కూర్చుని, బోరు గుంతలోంచి వచ్చే పొడినే చూస్తాండాడు. తెల్లటి పొడి. తడి అనేదే లేదు. నేను ఆయన ముందర మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"పెద్దాయనా, పది నిమిషాలు బోరు ఆపితే ఈ అతుకు వేసుకుంటాము. రేసులో కారుది ఇది."

"ఆ మోత చేసే కార్లా? తోలేది ఎవరప్పా?"

"నా చెల్లెలు" అన్నాడు నా వెనకాలనుంచి వాళ్ళన్న. "కాలేజీలో టీచరు. నలభై కార్లలో నాలుగో స్థానం ఇప్పుడు. ఇది అతికితే ముందుకు పోతాది."

రేసు గురించి ఆయన నోట ఎగతాళి లేని మాట వినడం నాకు అదే మొదలు.

ముసలాయన లేచి బోరు వైపు చూసినాడు. "ఇది మూడో బోరు నాయనా. ఈ పది నిమిషాల్లో నీళ్ళు యాడికీ పారిపోవులే" అని ఫోర్‌మన్ వైపు చెయ్యి ఊపినాడు. "నిలపండప్పా!"

ఒక్కసారిగా చేను నిశ్శబ్దమయింది. నల్ల అద్దం చేతికి వచ్చింది. ఫోర్‌మనే కేసింగు పైపు తునక ఒకటి ఏరి ఇచ్చినాడు, చిటికెన వేలంత మందం. దాన్ని కొక్కెం మాదిరి వంచి డబ్బాకు ఆనించినాను. ఫోర్‌మన్ మిషను దగ్గర ఉండాడు, వాళ్ళన్నే దాన్ని పట్టుకోవాల. ఆయన భుజం మీది తువ్వాలు చేతులకు చుట్టుకుని, దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చుని పట్టుకున్నాడు. రవ్వలు ఎగిరి ఆ ఇస్త్రీ చొక్కా మీద పడి చిల్లులు పడతాన్నాయి. "కదలొద్దన్నా!" అని నేను అరిచినాను. మండలంలో ఆయన మీద అరిచిన మొదటి మనిషిని నేనేనేమో. ఆయన కదల్లేదు.

ఈసారి అతుకు అందంగా వేయలేదు. లోపలికంటా దిగేటట్టు, వంకరగా, లావుగా వేసినాను.

తిరిగి వచ్చేసరికి మా ముందర రెండే కార్లు మిగిలినాయి. మేస్త్రి గీత దగ్గర చేతులు చాపి కారుకు అడ్డం నిలబడి, పేరు తీయొద్దని అట్ట పట్టుకున్న పెద్దాయనతో అరుస్తాండాడు. ఆయన ఏం సమాధానం చెప్పినా ఈయనకు వినపడదు కాబట్టి వాదన ఆగేది లేదు. మేము డబ్బా ఎక్కించి, రెండు బోల్టులు బిగించినాము. పెద్దాయన వంగి, కొక్కెం పట్టుకుని బలంగా ఊపి చూసినాడు. ఇంకోసారి ఊపినాడు. "ఎంత గట్టిగా ఉందో!" అని నవ్వి, దారి చూపించినాడు.

జెండా!

ఆ పరుగు గురించి ఎట్ల రాయాల్నో నాకు తెలీదు. మొదటి పరుగులో ఆమె పైపు గురించి భయపడతా తోలింది. ఈసారి మోతలోనే ధైర్యం వినపడింది. మలుపుల్లో కారు వెనక భాగం జారతా ఉంటే సర్దుకుని, మళ్ళీ జారి, మళ్ళీ సర్దుకుని, దుమ్ములోంచి బయటికి వచ్చి, దుమ్ములోకి పోయి. వాళ్ళన్న కుర్చీ ఎక్కి నిలబడినాడు. మేస్త్రి నా భుజం ఎముక విరిగేటట్టు పట్టుకున్నాడు. చివరి గట్టు. ఈసారి ఆమె యాక్సిలరేటర్ మీదనుంచి కాలు తీయలేదు. కారు లేచింది, నాలుగు చక్రాల కింద వెలుతురు కనపడింది, పడింది, డబ్బా కదల్లేదు, గీత!

గడియారం చూసే ఆయన ఒకసారి చూసి, పక్కాయనకు చూపించి, ఇద్దరూ కలిసి చూసి మైకు అందుకున్నారు. మూడో స్థానం. నాలుగో ఆయనకంటే అర సెకను ముందు. మా వెనక పోయిన కార్లు ఏవీ ఆ టైమును అందుకోలేదు.

కాలేజీ పిల్లలు కారును చుట్టేసినారు. మేస్త్రి బానెట్ మీద రెండు అరచేతులు పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడినాడు, కళ్ళలో నీళ్ళు. వాళ్ళన్న చెల్లెలి దగ్గరికి వచ్చి చిల్లులు పడిన చొక్కా వైపు చూసుకుని నవ్వినాడు. ఆమె కూడా నవ్వింది. వాళ్ళిద్దరి మధ్య దానికంటే ఎక్కువ మాటలు నడిచింది నేను చూడలేదు.

బోరు ఆయన కూడా వచ్చినాడు, ఫోర్‌మన్‌ను వెంటబెట్టుకుని. ఆ సాయంత్రం దాకా తవ్వినా పొడే వచ్చింది, నీళ్ళు పడలేదు. నేను ఎదురు పోతే, ఆయనే నా భుజం తట్టినాడు. "మా గుంత ఇట్లయింది. మీదన్నా అయింది గదప్పా. ఏదీ, ఆ కొక్కెం చూపించు" అని కారు వెనకాల వంగి, కేసింగు తునకను వేలితో తడిమి చూసినాడు.

జనం పల్చబడినారు. జెండాలు పీకుతాండారు. అప్పుడు మేడమ్ నా దగ్గరికి వచ్చి ఇంకో హెల్మెట్ నా చేతిలో పెట్టింది.

"అన్నా, ఈ కారుకు రెండుసార్లు సైలెన్సర్ కట్టినారు. ఒక్కసారి కూడా ఎక్కలేదు. రాండి."

వద్దంటే ఊరుకోలేదు. మేస్త్రి నన్ను లోపలికి తోసి, బెల్టు బిగించి, తలుపు వేసి, కిటికీలోంచి పళ్ళన్నీ కనపడేటట్టు నవ్వినాడు. కారు గీత దగ్గర నిలబడింది. ఆమె నా వైపు చూసి, "బాగున్నారా?" అని అడిగింది. తల ఊపినాను. ఆమెతో నేను అబద్ధం చెప్పింది అది రెండోసారి.

ఆ మొదటి మలుపులో నా ప్రాణం ఎడమ పక్క కిటికీలోంచి బయటికి పోయింది. రెండో మలుపులో తిరిగి వచ్చింది. ముందర ఎర్రటి నేల, కొండలు, ఆకాశం ఒకదాని మీద ఒకటి తిరుగుతాన్నాయి. నేను రెండు చేతులతో సీటు పట్టుకుని, "మేడమ్, మెల్లగా! మెల్లగా పోండి!" అని గొంతు చించుకుని అరిచినాను. సైలెన్సర్ మోతలో నా అరుపు నాకే వినపడలేదు. ఆమె యాక్సిలరేటర్ ఇంకా తొక్కింది. ముందర గట్టు వస్తాంది. కారు నేల వదిలింది. అప్పుడు నేను అరవడం మానేసి నవ్వడం మొదలుపెట్టినాను.